సొంత జేబుతో స్టార్ భోజనం

స్టార్ హోటల్ గేటు దగ్గరికి కారులో వెళ్తే సెక్యూరిటీ వాళ్లు సెల్యూట్ కొడతారు. ఆటోలో వెళ్తే ‘ఎవరి కోసం?’ అని అడుగుతారు. నడుచుకుంటూ వెళ్తే? ఏం చేయాలో వాళ్లకే తెలియదు పాపం. ఆ గేటు నడిచొచ్చేవాళ్ల కోసం కట్టింది కాదు మరి!

ఒక గురువారం సాయంత్రం ఏడుంబావుకి హైటెక్ సిటీలో ఒక పెద్ద హోటల్ ముందు అచ్చం ఇదే జరిగింది. నడిచొచ్చినవాళ్లు ఇద్దరు. పాతికేళ్లు దాటిన కొడుకు, అరవైకి దగ్గరపడ్డ తండ్రి. వాళ్ల పేర్లెందుకు లెండి. పాలమూరు జిల్లాలో ఏ ఊరికి వెళ్లినా ఇలాంటి తండ్రీకొడుకులు కనిపిస్తారు. పొద్దున్నే మహబూబ్‌నగర్‌లో ఆర్టీసీ బస్సెక్కి ఎంజీబీఎస్‌లో దిగారు. చార్మినార్ చూశారు, సాలార్‌జంగ్ మ్యూజియం చూశారు. సాయంత్రం మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగారు. అక్కణ్నుంచి పావుగంట నడక. ఫుట్‌పాత్ ఉన్నచోట ఫుట్‌పాత్ మీద, లేనిచోట కార్ల పక్కన ఒదిగి ఒదిగి.

‘‘డిన్నర్‌కి వచ్చాం. టేబుల్ బుక్ చేశాం’’ అన్నాడు కొడుకు. పొద్దుట్నుంచీ ఎన్నిసార్లు లోలోపల అనుకున్నాడో ఆ మాట. గార్డు వాకీటాకీలో ఏదో మాట్లాడాడు. మర్యాదగానే లోపలికి పంపాడు. సంచీ మాత్రం స్కానర్‌లో పెట్టమన్నాడు.

ఈ స్కానర్లు, కార్ల డిక్కీలు తెరిపించడాలు, బండి కింద అద్దం పెట్టి చూడటాలు... ఇవన్నీ మన హోటళ్లలో ఇంత గట్టిగా మొదలైంది 2008 నవంబరు తర్వాతే. ముంబయిలో తాజ్, ట్రైడెంట్-ఒబెరాయ్ హోటళ్ల మీద ఉగ్రవాదులు దాడిచేశాక దేశంలో పెద్ద హోటళ్లన్నీ కోటల్లా మారిపోయాయి. అంతకుముందు కూడా సామాన్యుడు లోపలికి వెళ్లింది లేదనుకోండి. కనీసం గేటు అయినా కాస్త తీసి ఉండేది.

సంచీలో బాంబులేం లేవు. ఒక తువ్వాలు, రెండు జతల బట్టలు, ఒక స్టీలు డబ్బా. డబ్బాలో నాలుగు జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయల తొక్కు. ‘ఆడ ఏం పెడ్తరో ఏమో, ఆకలికి ఉంటరు’ అని ఇంట్లో ఆమె కట్టిచ్చింది. గొడ్లను చూసేవాళ్లు లేక ఆమె రాలేదు. ఫైవ్‌స్టార్ హోటల్‌కు భోజనానికి వెళ్తూ క్యారియర్ కట్టుకెళ్లినవాళ్లు ఈ దేశంలో ఎంతమంది ఉంటారో!

కొడుకు జడ్చర్ల దగ్గర ఒక మందుల కంపెనీలో షిఫ్టు ఉద్యోగి. పెద్ద జీతం కాదు. కానీ తిరగడమంటే పిచ్చి. హంపి చూశాడు, రామేశ్వరం చూశాడు, కాశీ వెళ్లొచ్చాడు. అన్నీ స్లీపర్ బోగీల్లో, సత్రాల్లో, డార్మిటరీల్లో. ఏ ఊళ్లో ఇడ్లీ ఎంత, ఏ సత్రంలో మంచం ఎంత... అన్నీ చిన్న నోటుపుస్తకంలో రాసుకుంటాడు. ఎనిమిది రోజుల కాశీయాత్ర 5,100 రూపాయల్లో ముగించిన ఘనుడు. అలాంటివాడు ఒక్క పూట భోజనానికి 6,000 రూపాయలు పక్కన పెట్టాడు. నాలుగు నెలలపాటు నెలకు పదిహేను వందలు.

తండ్రిది వేరే కథ. ఆయనకు హైదరాబాద్ కొత్తకాదు. 2004-05లో మాదాపూర్‌లో ఒక ఐటీ భవనానికి సెంట్రింగ్ పనిచేశాడు. పాలమూరు లేబర్ అంటే ఒకప్పుడు దేశమంతా పేరు. ఆనకట్టలు, కాలువలు, రోడ్లు... ఎక్కడ మట్టి తవ్వినా వాళ్లే. సైబరాబాద్ లేచినప్పుడు ఇక్కడికీ వచ్చారు. రేకుల షెడ్లలో కాపురం, నీళ్ల ట్యాంకర్ దగ్గర కొట్లాట, ఏడో అంతస్తులో స్లాబు. పని అయ్యాక భవనానికి అద్దాలు బిగించారు. సెంట్రింగ్ వాళ్లు వేరే సైటుకు వెళ్లిపోయారు. అద్దాలు బిగించాక లోపల ఎట్లా ఉంటుందో ఆయన చూడలేదు. చూపించాలని కొడుక్కి కోరిక. ఐటీ ఆఫీసులోకి ఎవరూ రానివ్వరు. హోటల్ అయితే డబ్బు కడితే రానిస్తారు!

ఈ హోటళ్లు ఇక్కడికి ఎట్లా వచ్చాయో కాస్త చెప్పుకోవాలి. 1998 నవంబరులో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించేనాటికి చుట్టూ రాళ్లు, రప్పలు, తుమ్మచెట్లు. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ వచ్చి చూసెళ్లాడు. ఆ రోజుల్లో కంపెనీలకు విదేశీ అతిథులొస్తే బంజారాహిల్స్‌లో దింపేవాళ్లు. 2006లో హెచ్ఐసీసీ, దాన్ని ఆనుకుని నోవోటెల్ వచ్చాయి. ఆ తర్వాత మైండ్‌స్పేస్‌లో వెస్టిన్. 2013లో ట్రైడెంట్. 2018లో దుర్గం చెరువు దగ్గర ఐటీసీ కోహెనూర్. గచ్చిబౌలి వైపు ఇంకొన్ని. ఎవరి కోసం కట్టారు ఇవన్నీ? పెళ్లాంపిల్లలతో వచ్చే యాత్రికుల కోసమైతే కాదు. సోమవారం విమానం దిగి శుక్రవారం ఎక్కేవాళ్ల కోసం. బిల్లు మీద సంతకం పెట్టి, ఆ కాగితాన్ని కంపెనీకి పంపేవాళ్ల కోసం. అందుకే వారం మధ్యలో ఉన్న గిరాకీ శని ఆదివారాల్లో కనపడదు. ఆ ఖాళీ నింపడానికే వీకెండ్ బ్రంచ్‌లు, బఫేలు, పిల్లలకు డిస్కౌంట్లు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. ఆ డైనింగ్ హాళ్లలో కూర్చున్నవాళ్లలో చాలామందికి తాము తింటున్నదాని ధర తెలియదు. తెలియాల్సిన అవసరం లేదు. కట్టేది వాళ్లు కాదు. ఆ రాత్రి తండ్రీకొడుకుల పక్క టేబుల్ దగ్గర ఎనిమిదిమంది ఉన్నారు. మెడల్లో ఇంకా ఐడీ కార్డులు వేలాడుతున్నాయి. మధ్యలో ఒక విదేశీ అతిథి. టేబుల్ నిండా ప్లేట్లు. సగం సగం తిని వదిలేసినవి. మాటల మధ్యలో ఒకాయన వాచీ చూసుకున్నాడు. ఒకమ్మాయి ఫోన్లో ఇంటికి మెసేజ్ పెడుతోంది. వాళ్లని తప్పుపట్టడానికి లేదు. వాళ్లకది ఆఫీసు పనే. కుర్చీ మారింది, టేబుల్ మీద ల్యాప్‌టాప్ బదులు కబాబ్ ఉంది, అంతే తేడా. ఇంటికెళ్లి ఇంత పప్పన్నం తినాలని ఉండి ఉంటుంది పాపం. బిల్లు వస్తే పెద్దాయన అంకె చూడకుండానే కార్డు ఇచ్చేశాడు.

ధర తెలిసి, లెక్క చూసుకుని, నాలుగు నెలలు ఎదురుచూసి తింటున్నవాళ్లు ఆ హాల్లో బహుశా ఆ ఇద్దరే.

సరే, మెనూ కార్డు దగ్గరికి వద్దాం. మొదటిసారి వెళ్లేవాళ్లకు గుండె దడ మొదలయ్యేది అక్కడే కదా.

కార్డులో ధర పక్కన కనిపించీ కనిపించకుండా ఒక ప్లస్ గుర్తు ఉంటుంది. లేదా అడుగున సన్నటి అక్షరాలతో ‘పన్నులు అదనం’ అని ఉంటుంది. దీన్ని చూడకుండా ఆర్డరిస్తే చివర్లో గొంతులో వెలక్కాయే. మామూలు రెస్టారెంట్‌లో మనం తిన్నదానిమీద జీఎస్టీ 5 శాతం. అదే, రోజుకు 7,500 రూపాయలకు పైబడి గది అద్దె వసూలుచేసే హోటల్లో ఉన్న రెస్టారెంట్‌ అయితే 18 శాతం. మీరు గది తీసుకోకపోయినా సరే, ఇడ్లీ తిన్నా సరే. పైన గదుల ఖరీదును బట్టి కింద ఇడ్లీ మీద పన్ను! 4,600 రూపాయల భోజనానికి బయట 230 కట్టేది ఇక్కడ 828 అవుతుంది.

రెండోది సర్వీస్ ఛార్జి. ఇది పన్ను కాదు, ప్రభుత్వానికి వెళ్లదు. హోటల్‌వాళ్లు తమంతట తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ల సంఘాలు కోర్టుకెక్కాయి. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలు సరైనవేనని చెప్పింది. కాబట్టి బిల్లులో ఆ వరుస కనపడితే తీసేయమని మర్యాదగా అడగొచ్చు. మీకు నచ్చి టిప్పు ఇస్తే అది వేరే. అడగడానికి మొహమాటపడతాం కదా, సగం డబ్బు పోయేది ఆ మొహమాటం వల్లే.

మూడోది మంచినీళ్లు. కూర్చోగానే ‘రెగ్యులర్ వాటరా, మినరల్ వాటరా?’ అని అడుగుతారు. మినరల్ అంటే సీసా వస్తుంది. దానికి సీసా మీదున్న ఎమ్మార్పీ వర్తించదు. హోటల్లో కూర్చోబెట్టి ఇచ్చేది సరుకు అమ్మకం మాత్రమే కాదు, అందులో సేవ కూడా ఉంది కాబట్టి ఎమ్మార్పీకన్నా ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి ‘రెగ్యులర్’ అనండి చాలు. వాళ్లేం అనుకోరు. కొడుకు ఇదంతా ముందే చదువుకొచ్చాడు. ‘రెగ్యులర్’ అని ఎంత ధీమాగా అన్నాడంటే, తండ్రి కొడుకు వంక కొత్తగా చూశాడు.

‘‘ఏందిరా గిది? పప్పుకు తొమ్మిది నూర్లా?’’

‘‘నాయినా, నువ్వు కుడిపక్క చూడకు. ఎడమపక్కనే చూడు.’’

స్టార్ హోటల్ మెనూ చదవడానికి ఇంతకన్నా మంచి సలహా లేదు. ఎడమపక్క పేర్లుంటాయి, కుడిపక్క అంకెలు. కానీ ఒకసారి చూశాక చూడకుండా ఉండటం అయ్యే పనేనా? తండ్రి లోపలే లెక్కేసుకున్నాడు. ఈ పూట ఖర్చు తన ఐదారు రోజుల కూలి. ఆ మాట పైకి అనలేదు. అనకపోవడం కూడా ఒక రకం ప్రేమే అని కొడుక్కి తెలుసు. వాడూ ఏమీ అనలేదు.

ఒక కబాబ్, ఒక నల్ల మినప్పప్పు దాల్, రెండు రోటీలు, ఒక బిర్యానీ, ఒక స్వీటు. ఇద్దరికి అది చాలని స్టీవర్డే చెప్పాడు. బిర్యానీ ఒకటి తీసుకుంటే ఇద్దరికి సరిపోతుందని, సూప్ అక్కర్లేదని కూడా అతనే అన్నాడు. పెద్ద హోటళ్లలో ఎక్కువ ఆర్డరు ఇప్పించడానికి చూస్తారనే అనుమానం చాలామందికి ఉంటుంది. అందరూ అట్లా ఉండరు. ‘మాకు ఇంతలో అవ్వాలి, ఏం తీసుకోమంటారు?’ అని సూటిగా అడిగితే సరైన సలహా చెప్పేవాళ్లే ఎక్కువ. పరువు పోతుందని అడగం. అడక్కపోతేనే పోతుంది, పర్సు ఖాళీ అయ్యి.

ఇక ఫోర్కులు, చాకులు. టేబుల్ మీద అవి బారులు తీరి ఉండటం చూడగానే చాలామందికి ఆకలి చచ్చిపోతుంది. తండ్రి చేతులు టేబుల్ కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఇనప రాడ్లు వంచిన చేతులవి. వేళ్లు మొద్దుబారి ఉంటాయి. ఫోర్కు పట్టుకుంటే అగ్గిపుల్ల పట్టుకున్నట్టు ఉంటుంది.

అలాంటివాళ్లందరికీ ఒక మంచి కబురు. దేశంలోకెల్లా పేరున్న స్టార్ రెస్టారెంట్లలో ఒకటైన ఢిల్లీ ఐటీసీ మౌర్యలోని బుఖారాలో మామూలుగా ఫోర్కులూ చాకులూ పెట్టరు. మెడకు గళ్ల గుడ్డ కడతారు, చేత్తో తినమంటారు. క్లింటన్ పేరు మీద అక్కడ ఒక ప్లాటరే ఉంది. ఆ వంటకాలతోనే, ఆ పద్ధతిలోనే నడిచే పెషావరీ రెస్టారెంట్ మన కోహెనూర్‌లోనూ ఉంది. అంటే, మనవాళ్లు ఏ చేతులనైతే టేబుల్ కింద దాచుకుంటున్నారో, ఆ చేతులతో తినడానికి దేశాధ్యక్షులు క్యూ కడుతున్నారన్నమాట! తండ్రీకొడుకులు వెళ్లిన చోట ఫోర్కులున్నాయి. కొడుకే ముందు చేయి కడుక్కొచ్చి రోటీ తుంచాడు. తండ్రి చుట్టూ చూశాడు. పక్క టేబుల్‌ దగ్గర ఒకాయన కబాబ్ ముక్కను చేత్తోనే పట్టుకుని తింటున్నాడు. ఇక చేతులు పైకి వచ్చాయి.

దమ్ బిర్యానీ సంగతి ఇంకా తమాషా. ఇవాళ స్టార్ హోటళ్లలో ‘దమ్ పుఖ్త్’ అంటే నవాబుల వంట. గిన్నె మూతకు పిండి అంటించి, ఆవిరి పోకుండా సన్నని సెగమీద మగ్గనివ్వడం. కోహెనూర్‌లో ‘దమ్ పుఖ్త్ బేగమ్స్’ అని దీనికోసమే ఒక రెస్టారెంట్ ఉంది. ఈ పద్ధతిని స్టార్ హోటల్‌ టేబుల్ మీదికి తెచ్చి పేరు తెచ్చిన ఇంతియాజ్ ఖురేషీకి 2016లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన 2024లో కన్నుమూశారు. మరి ఈ నవాబీ వంట పుట్టిందెక్కడ? ప్రచారంలో ఉన్న కథ ప్రకారం, లక్నోలో. 1784లో అవధ్‌లో కరవొస్తే నవాబు ఆసఫుద్దౌలా జనానికి పని కల్పించడానికి బడా ఇమాంబాడా కట్టించడం మొదలుపెట్టాడు. వేలమంది కూలీలకు రాత్రింబవళ్లు తిండి పెట్టాలి. బియ్యం, మాంసం, మసాలాలు పెద్ద పెద్ద డేగిసాల్లో వేసి, మూతలు బిగించి, సన్నటి మంట మీద వదిలేశారట. ఒకరోజు నవాబు అటుగా వస్తే ఆ వాసనకు నోరూరింది. వంట కోటలోకి వెళ్లింది. కరవు పనిలో కూలీల కోసం వండిన కూడు తిరిగి తిరిగి ఫైవ్‌స్టార్ మెనూలో తేలింది. కథ నిజమో కాదో గానీ, పాలమూరు సెంట్రింగ్ మేస్త్రీ ముందు ఆ గిన్నె మూత తీసినప్పుడు, వంట మళ్లీ మొదటి యజమాని దగ్గరికి వచ్చినట్టే ఉంది.

మరి ఇంత డబ్బు దేనికి? బియ్యం, మాంసం అవే కదా? ఈ ప్రశ్నకు కరోనా జవాబు చెప్పింది. 2020లో లాక్‌డౌన్ పెట్టగానే ఐటీ కంపెనీలు ఇంటినుంచి పనిలోకి వెళ్లిపోయాయి. హైటెక్ సిటీ రోడ్లు బోసిపోయాయి. హోటళ్ల గదులు ఖాళీ. అప్పుడు పెద్ద పెద్ద హోటళ్లే బిర్యానీ డబ్బాల్లో పెట్టి ఇళ్లకు పంపడం మొదలుపెట్టాయి. అదే వంట, అదే వంటవాడు. కానీ సోఫాలో కూర్చుని, టీవీ చూస్తూ, ప్లాస్టిక్ మూత తీసి తింటే... బిర్యానీ బిర్యానీలాగే ఉంది. హోటల్‌కు వెళ్లినట్టు లేదు. ఆ డబ్బులో ఎక్కువ భాగం బియ్యానికి కాదు. కుర్చీ వెనక్కి లాగేవాడికి, గ్లాసు ఖాళీ కాకముందే చూసేవాడికి, గంటన్నరసేపు ‘టేబుల్ ఖాళీ చేయండి’ అని ఎవరూ అనకపోవడానికి. అమీర్‌పేట మెస్సుల్లో, పెళ్లి పంక్తుల్లో మన కుర్చీ వెనకే మరొకరు నిలబడి ఉంటే గబగబా మింగి లేచే అలవాటు మనది. ఎవరూ వెనక నిలబడని భోజనం ఎలా ఉంటుందో చాలామంది జీవితంలో ఒక్కసారి కూడా చూసి ఉండరు.

తండ్రి నెమ్మదిగా తిన్నాడు. దాల్ ఆయనకు బాగా నచ్చింది. ‘‘గిది ఎంతసేపు పొయ్యి మీద పెడ్తరు సారూ?’’ అని స్టీవర్డ్‌ని అడిగాడు. ‘‘రాత్రంతా సార్’’ అన్నాడతను. ఆయన ఇతన్ని సారూ అనడం, ఇతను ఆయన్ని సార్ అనడం. మాట యాస పట్టేసి స్టీవర్డ్ గొంతు తగ్గించాడు. ‘‘మీది పాలమూరా? మాది నాగర్‌కర్నూల్ దగ్గర.’’ అక్కడితో ఆగిపోయాడు. డ్యూటీలో అంతకన్నా మాట్లాడకూడదు.

ఈ కుర్రాళ్ల గురించి ఎవరూ రాయరు. ఇంటర్ తర్వాత హోటల్ మేనేజ్‌మెంట్‌లో చేరి, పన్నెండు గంటలు నిలబడి, నవ్వు చెదరకుండా చూసుకుని, రాత్రి ఏ ఒంటిగంటకో హాస్టల్‌కు చేరేవాళ్లు. రోజూ వడ్డించే బల్ల దగ్గర అతిథిగా ఒక్కసారి కూడా కూర్చుని ఉండరు చాలామంది. అయితే ఈ రంగంలో ఒక ముచ్చట ఉంది. ట్రైడెంట్ హోటళ్లు ఒబెరాయ్ గ్రూపువి. ఆ గ్రూపు మొదలుపెట్టిన మోహన్‌సింగ్ ఒబెరాయ్ 1922లో సిమ్లాలోని సిసిల్ హోటల్లో నెలకు 50 రూపాయల జీతానికి గుమాస్తాగా చేరాడు. పన్నెండేళ్ల తర్వాత, 1934లో, భార్య నగలు కూడా తాకట్టుపెట్టి క్లార్క్స్ హోటల్ కొన్నాడు. అందరికీ అట్లా జరగదు. నాగర్‌కర్నూల్ కుర్రాడికి ఆ పేరు తెలిసే ఉంటుంది. క్లాసులో చెప్పే ఉంటారు.

స్తోమతకు మించి ఖర్చుపెట్టడంలో హైదరాబాద్‌కు పెద్ద చరిత్రే ఉంది. పాయిగా నవాబు వికారుల్ ఉమ్రా ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టడానికి అప్పులపాలై, చివరికి దాన్ని ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు అప్పగించాడు. 101 మంది ఒకేసారి కూర్చునే డైనింగ్ టేబుల్ అక్కడిదే. 2010 నుంచి అది తాజ్ హోటల్. 2017 నవంబరు 28న హెచ్ఐసీసీలో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు మొదలైంది. ఆ రాత్రి ఇవాంకా ట్రంప్‌కు, ప్రతినిధులకు ప్రధాని మోదీ విందు ఇచ్చింది ఫలక్‌నుమాలోనే. అదే రోజు మధ్యాహ్నం ఆయన మియాపూర్‌లో ప్రారంభించిన ఇంకొకటి ఉంది: హైదరాబాద్ మెట్రో. విందు వాళ్లకు, రైలు మనకు. మన తండ్రీకొడుకులు ఆ రైల్లోనే కదా వచ్చింది!

బిల్లు వచ్చేలోగా ఇంకో చిన్న మాట. హోటల్ బయట దొరికే తిండి మీద ఎవరికైనా చిన్నచూపు ఉంటే కోహెనూర్ దగ్గరికే వెళ్లి చూడాలి. 2024 జనవరిలో తెలుగువాళ్ల ఫోన్లన్నీ మారుమోగించిన కుమారి ఆంటీ భోజనం బండి ఆ పక్కనే. ‘రెండు లివర్లు ఎక్స్‌ట్రా’ అన్న మాట పిల్లాజెల్లా అందరి నోటా పాకింది. జనం ఎక్కువై ట్రాఫిక్ ఆగిపోతోందని పోలీసులు బండి తీయించేస్తే, ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి కలగజేసుకుని మళ్లీ పెట్టుకోనివ్వమన్నారు. ఆ బండి దగ్గర నిలబడి తినేవాళ్లలో ఐడీ కార్డుల వాళ్లూ చాలామందే. ఇంకా కిందికి దిగితే, జీహెచ్ఎంసీ 2014లో మొదలుపెట్టిన ఐదు రూపాయల భోజనం ఉంది. అన్నపూర్ణ పేరు పోయి ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లయ్యాయి. పేరు మారినా ధర ఐదు రూపాయలే.

నల్లటి తోలు ఫోల్డర్‌లో బిల్లు వచ్చింది. భోజనం 4,600. జీఎస్టీ 828. మొత్తం 5,428. సర్వీస్ ఛార్జి వరుస లేదు. కొడుకు ఆరువేలు లెక్కపెట్టి తెచ్చాడు. కార్డు లేదు, ఫోన్‌లో కట్టొచ్చు. కానీ నోట్లే ఇద్దామనుకున్నాడు. మిగిలినదాంట్లోంచి 300 ఫోల్డర్‌లో పెట్టాడు. తండ్రి బిల్లు కాగితం అడిగి తీసుకున్నాడు. అంకెలు చదవడం ఆయనకు బాగానే వచ్చు. కొలతల పనిలో నలభై ఏళ్లు గడిపినవాడు. ఐదు రూపాయల భోజనాలైతే వెయ్యి దాటి వస్తాయి ఈ డబ్బుకు. ఆయన ఆ లెక్క వేశాడో లేదో. కాగితం నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో పెట్టుకున్నాడు.

లేచి వెళ్తూ లాబీలో ఒక స్తంభం దగ్గర ఆగాడు. నున్నటి పాలరాయి. అరచేత్తో నిమిరాడు. వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి చూశాడు. పైకి చూశాడు. దూలం ఎక్కడుందో వెతుకుతున్నాడు. అంతా ఫాల్స్ సీలింగ్ కప్పేసింది.

‘‘కనవడ్తలేదురా’’ అన్నాడు.

‘‘ఏంది నాయినా?’’

‘‘పని.’’

గేటు దగ్గర గార్డు ఈసారి సెల్యూట్ కొట్టాడు. నడిచి బయటికి వెళ్లేవాళ్లకు సెల్యూట్ కొట్టొచ్చో లేదో అనుమానపడినట్టు చెయ్యి కొంచెం ఆలస్యంగా లేచింది. కొడుకు స్నేహితుడి హాస్టల్ అయ్యప్ప సొసైటీలో. రాత్రికి అక్కడే పడక. డబ్బాలో జొన్నరొట్టెలు పొద్దున టిఫిన్‌కు పనికొస్తాయి. చివరి మెట్రో దాటిపోతుందని కొడుకు తొందరపడుతుంటే, మెట్రో మెట్ల దగ్గర టీ బండి చూసి తండ్రి ఆగాడు.

రెండు చాయ్‌లు. నలభై రూపాయలు. కొడుకు ఫోన్ తీసి స్కాన్ చేయబోయాడు. తండ్రి ఆ చేతిని పక్కకు నెట్టాడు.

‘‘ఆగు. గిది నాది.’’

లోపలి జేబులోంచి మడిచిన నోట్లు తీశాడు. వాటితోపాటు బిల్లు కాగితం కూడా బయటికి వచ్చింది. నోట్లు బండివాడికి ఇచ్చి, కాగితాన్ని మళ్లీ మడతలు సరిచేసి, లోపల పెట్టుకుని గుండీ వేసుకున్నాడు.